రాగం పేరు మిగిలింది: అన్నమయ్య పాట, రాళ్ళపల్లి బాణీ

పోయిన దసరాకి బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పిల్లల చేత చిన్న కచేరీ చేయించారు. మూడో బ్లాకులో ఉండే పదకొండేళ్ళ పాప రేవతి రాగంలో "నానాటి బదుకు" పాడింది. చాలా బాగా పాడింది. ఎక్కడా తొందరపడలేదు. పాట అయ్యాక యాంకరింగ్ చేస్తున్నావిడ మైకు తీసుకుని, "ఆరు వందల ఏళ్ళ కిందట అన్నమయ్య తిరుమల కొండ మీద కూచుని కట్టిన బాణీ, ఇవాళ మన పిల్లల నోట!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత గుగ్గిళ్ళు తింటూ ఉంటే ఆ పాప పక్కన నిలబడింది. ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "నువ్వు పాడావే ఆ రేవతి బాణీ, దాన్ని కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు, తెలుసా?" అన్నాను. పాప నా ముఖంలోకి చూసి, "అయితే ఇది అన్నమయ్య పాట కాదా ఆంటీ?" అంది. పక్కనున్న వాళ్ళమ్మ ముఖంలో కొంచెం భయం, కొంచెం చిరాకు. నేను "కాదని కాదు నాన్నా..." అని నసిగి, గుగ్గిళ్ళు బాగున్నాయని చెప్పి తప్పించుకున్నాను.

ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇది. కాస్త పొడుగయింది.

మాది అనంతపురం. చిన్నప్పుడు నాకు సంగీతం చెప్పిన అయ్యవారికి ఒక నియమం ఉండేది. అన్నమయ్య పాట మొదలుపెట్టే ముందు రాగం పేరు చెప్పాలి, తాళం చెప్పాలి, బాణీ కట్టినవాళ్ళ పేరు చెప్పాలి. "అది చెప్పినాక నోరు తెరువు పాపా" అనేవాడాయన. రాళ్ళపల్లి వారిది అని చెప్పాల్సిన పాట వస్తే ఆయన గొంతు కొంచెం మారేది. "మన కళ్యాణదుర్గం పక్క ఊరాయన" అని ప్రతిసారీ కలిపేవాడు. మాకు అది ఊరి అభిమానంలా అనిపించేది. మా జిల్లాలో గొప్పగా చెప్పుకోడానికి ఏముంది గనక, ఒక సంగీతం పండితుడు దొరికితే అయ్యవారు పట్టుకు వేలాడుతున్నాడు అని నవ్వుకునేవాళ్ళం. ఆయన చెబుతున్నది ఊరి గొప్ప కాదని, ఒక లెక్క అని అర్థమవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ లెక్క రాగిరేకుల దగ్గర మొదలవుతుంది.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పోయాడు. పదహారో ఏట, 1424లో, సంకీర్తనలు మొదలుపెట్టాడని, 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చెబుతూనే ఉన్నాడని రాగిరేకే చెబుతుంది. మన పాత కవుల్లో ఎంతమందికి ఇంత కచ్చితమైన లెక్క ఉంది? ముప్ఫై రెండు వేల పాటలు చెప్పాడని మనవడు చిన్నన్న రాసిన ద్విపద చరిత్ర అంటుంది. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో పాటల్ని రాగి మీద చెక్కించారు. తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఉన్న చిన్న అరలో, సంకీర్తన భాండాగారంలో, అవి శతాబ్దాల పాటు పడి ఉన్నాయి. 1922 ప్రాంతంలో మళ్ళీ వెలుగు చూశాయి. దొరికిన రేకులు రెండు వేలకు పైనే. అందులో అన్నమయ్యవి, కొడుకువి, మనవడివి అన్నీ కలిపి వేల పాటలు.

ప్రతి పాటకీ పైన రాగం పేరు చెక్కి ఉంది. శంకరాభరణం, ముఖారి, బౌళి, ఆహిరి, సామంతం, దేసాక్షి, గుండక్రియ, సాళంగనాట. ఇప్పుడు కచేరీల్లో వినపడని కొండమలహరి, అమరసింధు లాంటివి కూడా. దాని కింద పల్లవి, చరణాలు. అంతే. ఏ మాట దగ్గర ఏ స్వరం పడాలి, ఎక్కడ సాగాలి, ఎక్కడ ఆగాలి అన్నది రేకు మీద లేదు.

మా వైపు వాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడితే. ఊరూరా చెరువుంటుంది. దానికో పేరుంటుంది, తవ్వించిన దొర పేరు శాసనంలో ఉంటుంది, కట్ట ఉంటుంది, తూము ఉంటుంది. నీళ్ళుండవు. బస్సులో పోతూ "ఇదే ఫలానా చెరువు" అని చుట్టాలకి చూపిస్తే వాళ్ళు కిటికీలోంచి చూసి, "ఏదీ?" అంటారు. రాగిరేకు మీద రాగం పేరు అలాంటిది. కట్ట ఎక్కడుందో చెబుతుంది.

పోనీ రాగం పేరు ఉంది కదా, ఆ రాగంలో పాడుకుంటే పాత పాటకి దగ్గరగా ఉంటుంది కదా అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ముఖారి సంగతి తెలిశాక ఆ నమ్మకం పోయింది. అన్నమయ్య పోయిన యాభై ఏళ్ళకి, 1550లో, విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. అందులో మొదటి మేళం ముఖారి. ఏడు స్వరాలూ శుద్ధస్వరాలే. ఇప్పటి లెక్కలో అది కనకాంగికి సరిపోతుంది. ఇవాళ మనం ముఖారి అని పాడుకునేది ఖరహరప్రియ కింద లెక్కవేసే వేరే రాగం. పేరొకటే, లోపలి మనిషి మారిపోయాడు. కాబట్టి రేకు మీద "ముఖారి" అని చూసి ఇప్పటి ముఖారిలో పాడితే, పాత ఇంటి నంబరు పట్టుకుని కొత్త కాలనీలో మనిషిని వెతికినట్టే.

ఇక్కడ కాసేపు యూరప్‌కి పోయి రావాలి. ఎందుకంటే అదే కాలంలో అక్కడ ఇంకొకాయన ఉన్నాడు, ఆయన పక్కన పెట్టి చూస్తే మన నష్టం ఎంతో, మన పని ఏమిటో తేటగా కనిపిస్తుంది. ఆయన పేరు గియోమ్ ద్యుఫే. అన్నమయ్య కంటే పదేళ్ళు పెద్ద. 1423లో ఇటలీలో ఒక ప్రభువు పెళ్ళికి పాట కట్టాడు. ఆ మరుసటి ఏడే ఇక్కడ అన్నమయ్య మొదటి సంకీర్తన చెప్పాడు. 1436 మార్చి 25న ఫ్లోరెన్స్‌లో బ్రూనెలెస్కీ గోపురం కింద పెద్ద చర్చిని పోపు ప్రతిష్ఠ చేసిన రోజు ద్యుఫే కట్టిన గీతం పాడారు. అప్పటికి అన్నమయ్యకి ఇరవై ఎనిమిదేళ్ళు. 1474లో కాంబ్రే ఊళ్ళో ద్యుఫే పోయాడు. ఇద్దరూ గుడిని నమ్ముకుని బతికినవాళ్ళే. ఇద్దరూ దేవుడి పాటా కట్టారు, ప్రేమ పాటా కట్టారు.

తేడా ఏమిటంటే, ద్యుఫే పాటలు స్వరాలతో సహా కాగితాల మీద, తోలు మీద మిగిలాయి. ఏ గొంతు ఏ స్వరం పాడాలి, ఎంతసేపు పట్టుకోవాలి అన్నది అప్పటి లిపిలో రాసి ఉంది. 1950, 60 దశకాల్లో హైన్రిష్ బెసెలర్ అనే జర్మన్ పండితుడు వాటిని ఇప్పటి లిపిలోకి మార్చి సంపుటాలుగా తెచ్చాడు. అయినా అక్కడా అన్నీ లేవు. కొన్ని చోట్ల స్వరాన్ని అర మెట్టు ఎక్కించాలి, కొన్ని చోట్ల దించాలి. ఆ గుర్తులు చాలా వరకు రాయలేదు. పాడేవాళ్ళకి ఎలాగూ తెలుసని. ఆ తెలిసినవాళ్ళు పోయారు. అందుకే ఇవాళ ఒకే ద్యుఫే పాటని రెండు బృందాలు పాడితే రెండు రకాలుగా వినిపిస్తుంది. ఆ పుస్తకాల్లో మంచి పద్ధతి ఒకటి ఉంది. సంపాదకుడు తను ఊహించి పెట్టిన గుర్తుని స్వరం పక్కన పెట్టడు, పైన చిన్నగా పెడతాడు. చదివేవాడికి తెలుస్తుంది, ఇది ద్యుఫేది, ఇది నాది అని.

అదే 1950 దశకంలో తిరుపతిలో ఒకాయన రాగిరేకుల పాఠాలు ముందేసుకుని కూచున్నాడు. ఆయన ముందు స్వరం ఒక్కటి కూడా లేదు. గుర్తులు పైన చిన్నగా పెట్టడం కాదు, మొత్తం పాటే కట్టాలి.

ఆయనే మా అయ్యవారు చెప్పిన కళ్యాణదుర్గం పక్క ఊరాయన, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. 1893 జనవరి 23న అప్పటి కళ్యాణదుర్గం తాలూకా రాళ్ళపల్లిలో పుట్టాడు. ఊరి పేరులోనే రాళ్ళున్నాయి. కర్ణాటక సరిహద్దుకి దగ్గర. ఇవాళ ఆ దారిలో పోతే శెనక్కాయ చేలు, వాటి మధ్య పెద్ద పెద్ద గాలిమరలు. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి అలమేలు మంగమ్మ. అన్నమయ్య ఎన్ని పాటల్లో ఆ తల్లి పేరు పిలిచాడో తెలిసినవాళ్ళకి ఇది చదవగానే కొంచెం ఒళ్ళు జలదరిస్తుంది, అయినా దీన్నించి ఏమీ సాగదీయను. చదువు కోసం మైసూరు చేరాడు. పరకాల మఠంలో సంస్కృతం, ప్రాకృతం. బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం. మహారాజా కాలేజీలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు పాఠం. ప్రాకృతం నుంచి గాథాసప్తశతిని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వేమన మీద ఆయన ఉపన్యాసాలు ఇప్పటికీ చదివితే కొత్తగా ఉంటాయి. వేమనని అంతవరకు పండితులు సరిగా కవిగా లెక్క వేయలేదు, కదిరి పక్కన కటారుపల్లిలో సమాధి ఉన్న యోగి అని దండం పెట్టి ఊరుకున్నారు. ఆయన కూర్చోబెట్టి, ఈ మనిషి కవి, ఈ పద్యం ఎందుకు పనిచేస్తోందో చూడండి అని మాట మాటగా విప్పాడు.

మైసూరులో ఉద్యోగం అయిపోయాక తిరుపతి వచ్చాడు. తాళ్ళపాక సాహిత్యాన్ని అంతకుముందు భుజాన వేసుకున్నది వేటూరి ప్రభాకరశాస్త్రి. చిన్నన్న రాసిన చరిత్రని పరిష్కరించి 1949లో అచ్చువేసింది ఆయనే. 1950లో ఆయన పోయాక ఆ పని రాళ్ళపల్లి చేతికొచ్చింది. పాఠాలు పరిష్కరించాడు, సంపుటాలు తెచ్చాడు, వందకు పైగా పాటలకి బాణీ కట్టి స్వరం రాసి ఇచ్చాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్వరం ఒక్కటీ లేనప్పుడు ఆయన దేన్ని పట్టుకుని కట్టాడు? ఎవరైనా సంగీతం తెలిసినాయన కూచుని ఏదో ఒక ట్యూన్ వేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకంటే స్వరం పోయినా పాటలో ఒకటి పోలేదు. మాట నడక పోలేదు. అన్నమయ్య పల్లవి కింద మూడు చరణాలు పెడతాడు. చరణంలో రెండో అక్షరం ప్రాస తిరిగి తిరిగి వస్తుంది. పాదం మధ్యలో యతి పడుతుంది. ఎక్కడ మూడేసి మాత్రలు, ఎక్కడ నాలుగేసి, ఎక్కడ ఐదేసి నడుస్తున్నాయో గట్టిగా చదివితే నోటికి తెలుస్తుంది. ఈ పదాల లక్షణం మీద అన్నమయ్య సంస్కృతంలో ఒక గ్రంథమే రాశాడు. అది పోయింది, మనవడు చిన తిరుమలాచార్యుడు తెలుగు చేసిన సంకీర్తన లక్షణం మిగిలింది. అంటే రాగిరేకు మీద చెక్కింది ఉత్త సాహిత్యం కాదు, దాని లోపల తాళం ఎముకలు ఉన్నాయి. ఆ ఎముకలు కనబడాలంటే గాయకుడైతే చాలదు. ఛందస్సు తెలియాలి, పాత తెలుగు తెలియాలి, రాయలసీమ పలుకుబడి తెలియాలి, మాట ఎక్కడ విరగాలో తెలియాలి. నిఘంటువులో లేని మాట ఒకటి తగిలితే "మా ఊళ్ళో దీన్ని ఇట్లా అంటారు" అని చెప్పగలగాలి. పద్యం చదివే విమర్శకుడు, పాట పాడే మనిషి, సీమలో పుట్టిన మనిషి ముగ్గురూ ఒకే ఒంట్లో ఉండాలి. అలాంటి మనిషి అప్పుడు దొరికాడు. మన అదృష్టం.

మాట విరగడం అంటే ఏమిటో పాట ఏదీ తీసుకోకుండా చెబుతాను. "వాడు రాలేదు" అన్న మామూలు మాట తీసుకోండి. దీన్ని పాడేటప్పుడు "వాడురా" దగ్గర సాగదీసి, ఊపిరి తీసుకుని "లేదు" అన్నారనుకోండి. రాని మనిషి కాస్తా "వాడురా" అయిపోయాడు, తర్వాతి "లేదు" దేనికో ఎవరికీ తెలియదు. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. ఈ మధ్య వస్తున్న అన్నమయ్య ఆల్బమ్స్‌లో కీబోర్డు మీద ట్యూన్ ముందు తయారవుతుంది, మాటలు తర్వాత అందులోకి కూరతారు. హ్రస్వం దీర్ఘమవుతుంది, సమాసం నడుమ తెగుతుంది. వినేవాళ్ళకి రాగం బాగుంటుంది. ఏం చెప్పాడో అడిగితే "దేవుడి మీదండీ" అంటారు.

రాళ్ళపల్లి బాణీలు మా అయ్యవారు చెప్పగా నేర్చుకున్నవి ఇప్పుడు మళ్ళీ పాడుకుంటే నాకు మొట్టమొదట తగిలేది ఆయన పెట్టుకున్న హద్దు. రాగం తెలుసు, సంగతులు వేయగలడు, వేయడు. చరణంలో వాక్యం ముగిసిన చోట స్వరం దిగుతుంది. ప్రశ్న అడిగిన చోట పైన నిలబడుతుంది. నాయిక దెప్పుతుంటే దెప్పినట్టుంటుంది. బాణీ మీద చెవి పోదు, మాట మీదికి పోతుంది. కచేరీలో చప్పట్లు రాబట్టే గుణం కాదిది. పాఠం చెప్పేవాడి గుణం. ఆయన వ్యాసం చదివినవాళ్ళకి ఆయన బాణీ కొత్తగా అనిపించదు. రెండూ ఒకే పని చేస్తాయి. ఇదిగో ఈ మాట చూడు అని వేలు పెట్టి చూపించి పక్కకి తప్పుకుంటాయి.

అయితే ఇంత మెచ్చుకున్నాక నా ఫిర్యాదు కూడా చెప్పాలి. లేకపోతే ఇది జయంతి ఉపన్యాసం అయిపోతుంది.

మా అవ్వ ఒక లాలి పాడేది. అన్నమయ్య పేరు ఆమెకి తెలుసో లేదో. వాళ్ళమ్మ పాడితే విన్నది. పెద్దయ్యాక ఒక పుస్తకంలో చూశాను, అన్నమయ్య లాలిపాటల్లో దాని మాటలు దాదాపుగా అవే. కానీ అవ్వ పాడిన వరస ఏ రాగానికీ లొంగదు. నాలుగు స్వరాల మధ్య తిరుగుతుంది, ఊయల చప్పుడే తాళం. నేను సంగీతం నేర్చుకుంటున్న రోజుల్లో ఆమె పాడుతుంటే "అవ్వా, అది తప్పు. ఇట్ల పాడాల" అని నా కచేరీ బాణీ వినిపించాను. అవ్వ విన్నది. "బాగుందిలే పాప, నీదే పాడు" అంది. మళ్ళీ నా ముందు ఆ లాలి పాడలేదు. ఆమె పోయింది. ఆ వరస నాకు సగం గుర్తుంది, సగం లేదు. దాన్ని పోగొట్టింది ఏ సంస్థా కాదు, నేనే.

అన్నమయ్య ఏల పాటలు చెప్పాడు. సువ్వి పాటలు, జాజరలు, గొబ్బిళ్ళు, లాలులు. దంచుతూ, ఆడుతూ, చల్లుకుంటూ పాడుకునే వరసలవి. వాటిని ఊళ్ళనుంచి తీసుకుని గుడిలో పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో మనం బాణీలు కట్టినప్పుడు వాటిని త్యాగరాజు తర్వాతి కచేరీ వేదిక మీదికి ఎక్కించాం. పల్లవి, మృదంగం, వయొలిన్, రాగం ముక్క. రాళ్ళపల్లి తరం చేతిలో ఉన్న పనిముట్లు అవి. గురువుల దగ్గర నేర్చుకున్నది అది. ఆయన్ని తప్పు పట్టలేను. కానీ రోకటి పాట కీర్తనగా మారిన చోట ఏదో ఒకటి రాలిపోయింది. రేకు మీద లేనిది అవ్వల నోళ్ళలో ఏ కొంచెమైనా ఉండి ఉంటే, "అసలు అన్నమయ్య బాణీ" అని మనం రేడియోలో, క్యాసెట్లలో వినిపించిన కొద్దీ అవి సిగ్గుపడి నోరు మూసుకున్నాయి. మా అవ్వలాగే.

అందుకే ఆ యాంకరు మాట నన్ను అంత గుచ్చింది. "ఆరు వందల ఏళ్ళ బాణీ" అనడం భక్తి మాటలా వినిపిస్తుంది. కానీ అది ఇద్దరికి అన్యాయం చేస్తుంది. కట్టినవాళ్ళ పేరు తుడిచేస్తుంది. ఇంకో వరసలో పాడుకునేవాళ్ళది తప్పని తేలుస్తుంది. బాణీ 1950లలోనో 70లలోనో ఒక మనిషి కట్టాడు అని ఒప్పుకుంటే, ఇంకో మనిషి ఇంకోలా పాడచ్చు. అవ్వ కూడా.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి పెనుకొండ కథ. చిన్నన్న చెప్పిన కథ ఇది. సాళువ నరసింహరాయలు అన్నమయ్యని పిలిపించి పాట విన్నాడు. వేంకటేశ్వరుడి మీద చెప్పిన శృంగార పదం. మెచ్చుకుని, నా మీద ఇలాంటిది ఒకటి చెప్పు అన్నాడు. హరిని పొగిడిన నోట నిన్ను పొగడను అన్నాడు అన్నమయ్య. సంకెళ్ళు వేశారు. పాట పాడితే సంకెళ్ళు ఊడిపోయాయి. 1997 సినిమా చూసినవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. సంకెళ్ళు ఊడటం నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు పట్టేది పేరు దగ్గర. పాట చివర ఏ పేరు ఉండాలి అన్నది ఆ గొడవ. అన్నమయ్య ప్రతి పాటలో వేంకటేశుడి పేరు పెట్టాడు, రాజు పేరు పెట్టనన్నాడు, తన పేరూ పెట్టుకోలేదు. ద్యుఫే ఇంకో దారి పట్టాడు. మేరీ మాత మీద కట్టిన ఒక ప్రార్థన గీతం మధ్యలో, చావబోతున్న నీ ద్యుఫేని కరుణించమ్మా అని తన పేరే ఇరికించాడు. తను పోయేటప్పుడు మంచం పక్కన దాన్ని పాడమని వీలునామాలో రాశాడు. టైం సరిపోలేదు. పోయాక పాడారు.

రాళ్ళపల్లి ఏ పాటలోనూ పేరు పెట్టుకోలేదు. పెట్టుకునే వీలూ లేదు, పాట ఆయనది కాదు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1979 మార్చి 11న, తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడి గౌరవం అందుకున్న రోజే, బెంగళూరులో పోయాడు. అప్పటికి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలై ఏడాది. ఆ తర్వాత ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల రికార్డులు వచ్చాయి, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ బాణీలు వచ్చాయి, ఇంటింటా అన్నమయ్య మోగాడు. ఆ మోతలో మొదట నూతిలో దిగి రాయి కొట్టినాయన పేరు కింద ఉండిపోయింది. యూట్యూబ్‌లో ఈ పాటలు వెతకండి. రచన అన్నమాచార్య అని ఉంటుంది, గానం ఫలానా అని ఉంటుంది, ఎడిటింగ్ చేసినవాడి పేరు, మేకప్ పేరు కూడా ఉంటాయి. స్వరకల్పన అన్న గీత చాలాసార్లు ఉండదు.

రాళ్ళపల్లి వ్యాసాల్లో అందరూ గుర్తుపెట్టుకున్నది "నిగమశర్మ అక్క". తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో కాసేపు కనిపించి పోయే పాత్ర. చెడిపోయిన తమ్ముణ్ణి దారికి తేవడానికి పిల్లల్ని వెంటేసుకుని పుట్టింటికి వస్తుంది. కావ్యంలో ఆమెకి పేరు లేదు. ఎవరి అక్కో మాత్రమే తెలుసు. పేరు లేని ఆ మనిషి మీద ఆయన ఒక వ్యాసం రాశాడు, ఆమె మాట తీరు, ఆమె బుజ్జగింపు, ఆమె ఓటమి అన్నీ చూపించాడు. అది చదివాక తెలుగు పాఠకులకి నిగమశర్మ కంటే అక్కే ఎక్కువ గుర్తుండిపోయింది. విమర్శ చేయగలిగిన పెద్ద పని అదే అని నాకనిపిస్తుంది. ఉన్న మనిషిని ఉన్నట్టు కనబడేలా చేయడం. ఆయనకి ఆ పని మనం తిరిగి చేయలేదు.

సరే, ఇక ఆ పాప ప్రశ్నకి జవాబు. ఇది అన్నమయ్య పాటేనా?

ఔను. మాట ఆయనది, నడక ఆయనది, ఆ తిరిగి తిరిగి వచ్చే పల్లవి ఆయనది. స్వరం నేదునూరి గారిది. ఇంకో పాటలో రాళ్ళపల్లి వారిది. ఒకాయన 1400లలో సగం చెప్పాడు, మిగతా సగం పోయింది, ఐదు వందల ఏళ్ళ తర్వాత ఇంకొకాయన ఆ సగం కోసం ఏళ్ళ తరబడి కూచున్నాడు. ఇద్దరు కలిసి కట్టిన పాట ఇది, మధ్యలో ఐదు వందల ఏళ్ళు. నువ్వు పాడినప్పుడు మూడో మనిషివి నువ్వు. దీనివల్ల పాట చిన్నదైపోదు.

మొన్న లిఫ్ట్‌లో కనబడితే ఇదే, ఇంతకంటే చిన్నగా, చెప్పాను. ఐదో అంతస్తు నుంచి కిందికి వచ్చేలోపు ఎంత చెప్పగలనో అంత. పాప కాసేపు ఆలోచించి, "అయితే నేను కూడా ఒకదానికి ట్యూన్ కట్టచ్చా?" అంది. కట్టచ్చు అన్నాను. ముందు మాటలు పది సార్లు గట్టిగా చదువు, ఎక్కడ ఊపిరి ఆగుతుందో చూసుకో అన్నాను. ఆ తర్వాత మా అవ్వ లాలి నాకు గుర్తున్న సగం దానికి పాడి వినిపించాను. మిగతా సగం అడిగింది. నా దగ్గర లేదని చెప్పాను.